కుర్చీ దగ్గర సున్నా

“కదలకండీ, మీకు దణ్ణం పెడతాను,” అంది విజయదుర్గ.

పేము కుర్చీలో కూర్చున్న రాజకుమార్ నవ్వు బిగపట్టాడు. ఆమె మీట నొక్కగానే స్పీకరు జోరువానలా హోరెత్తి ఆగింది. ల్యాప్‌టాప్ తెర మీద గీతలు లేచాయి. ఎదుటి గోడకు ఒకటి, బీరువాకు ఒకటి, కిటికీ రెక్కకు ఒకటి. కుర్చీ ఉన్న దూరంలో మాత్రం సున్నా.

“మళ్లీ మీరు రాలేదండీ.”

“కైకలూరు చెరువుగట్ల మీద తిరిగి తిరిగి సన్నబడిపోయానేమోనే. నీ లెక్కకి ఆనడం లేదు.”

“పరాచికాలు తర్వాత. రేపు తాడేపల్లిగూడెంలో సెమినారు. ఇది తేలకపోతే నా పీహెచ్‌డీ గోదాట్లో కలిసినట్టే.”

ఆమె పరిశోధన చెప్పుకుంటే చిన్నదే. గదిలో శబ్దం చేస్తే అది అడ్డొచ్చినవాటికి తగిలి మైకుకి తిరిగొస్తుంది. దాన్ని విని, ఏ దూరంలో ఏముందో ప్రోగ్రాము తనంతట తనే నేర్చుకోవాలి. గదిలో ఉండే వస్తువులు ఏవో నాలుగైదు, మిగతాదంతా ఖాళీయే. పాత పద్ధతికి ఆ సంగతి తెలియదు. ఖాళీలో కూడా ఏదో ఉన్నట్టు మసక గీతలు గీస్తుంది. విజయదుర్గ కనిపెట్టిన కొత్త పద్ధతి ఖాళీని ఖాళీగానే చూపిస్తుంది. అయితే ఉన్న మనిషిని కూడా తుడిచేస్తే దాన్నెవరు నమ్ముతారు?

పనిమనిషి దానమ్మ చీపురుతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. విజయదుర్గ మరోసారి మీట నొక్కింది. గుమ్మం దూరంలో నిటారుగా కొత్త గీత లేచింది.

“చూశారా! దానమ్మ వచ్చింది. మీరు రాలేదు!”

దానమ్మ కాసేపు అలాగే చూసి, ఊడ్వకుండానే వెళ్లిపోయింది.

“మన గొడవకి పాపం జడుసుకుంది,” అన్నాడు రాజకుమార్. “పోనీ పాత పద్ధతిలో చూడవే.”

చూసింది. కుర్చీ దగ్గర సన్నటి గీత ఒకటి వణుకుతూ కనిపించింది. ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

“ఇదిగో, ఉన్నారు!”

“అయితే దాన్నే నమ్ముకో.” ఈసారి అతను నవ్వలేదు. గదిలో ఎక్కణ్నుంచో కొల్లేటి నాచు వాసన వేసింది.  విజయదుర్గకి కొత్త గ్రాఫు వైపు మళ్లీ చూడాలంటేనే భయమేసింది.

“మిమ్మల్ని లేరనే లెక్క నాకొద్దండీ,” అని అతనితో చెప్పి, గైడు ఈశ్వరప్రసాద్‌కి ఫోన్ చేసింది.

“సార్, కొత్త పద్ధతి పనికిరాదండీ. రేపు సెమినారు వద్దు.”

“అదేంటమ్మా? నువ్వు పంపిన గ్రాఫులు ఇప్పుడే చూశాను. చాలా బాగా వచ్చాయి.”

“కుర్చీ దగ్గర సున్నా చూపిస్తోందండీ.”

“పేము కుర్చీ కదా. మనిషి కూర్చుంటేనే గీత వస్తుంది. పాతదాంట్లో కనిపించేది ఉత్త చెత్త.”

“చెత్త కాదండీ, అదే నిజం. మా వారిని ఇందాకట్నుంచీ ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి కొలుస్తున్నాను. ఇప్పుడు కూడా నా ఎదురుగానే ఉన్నారు.”

 ఈశ్వరప్రసాద్ గొంతు మెల్లగా వినిపించింది.

“రాజకుమార్ దహనానికి నేనూ వచ్చాను కదమ్మా.”