రంగు తేలని పట్టీ

తెనాలిలో అందరి ముంజేతికీ, ఎవరిది ఏ పక్షమో రంగు వెలిగి చూపే అభిప్రాయపట్టీలు వచ్చాక రత్నమాణిక్యం హోటల్లోనూ రెండు గదులు వెలిశాయి. ఊదారంగు పట్టీవాళ్ల గదిలో కొబ్బరి చట్నీ, గోధుమరంగు వాళ్ల గదిలో అల్లం చట్నీ. కోటిలింగానికి ఇరుపక్షాల మాటల్లోనూ కొంత నచ్చేది, కొంత నచ్చేది కాదు. అందుకని అతని పట్టీ వెలగలేదు, ఏ గది తలుపూ అతనికి తెరుచుకోలేదు.

“అన్నిట్లోనూ కొంత అటూ కొంత ఇటూ గానీ, ఆకలి మాత్రం పూర్తిగా వేస్తందక్కా!” అన్నాడు.

రత్నమాణిక్యం నవ్వేసి, వంటింట్లోనే పీట వేసి, ఇడ్లీల పక్కన రెండు చట్నీలూ వడ్డించింది.

ఊదాగదిలోని పెద్దాయన కిటికీలోంచి అది చూసి గుటక వేశాడు.

“ఏవయ్యా, ఆ పట్టీ ఎట్టా ఆర్పావు?”

“ఏముందండీ! అవతలివాళ్లు చెప్పేది ఆసాంతం వింటే అదే ఆరిపోద్ది.”

పెద్దాయన ఇడ్లీ వదిలేసి, గోధుమగది గోడకు చెవి ఆనించాడు.