మొదటి నంబరు

"నలభయ్యో నంబరా! ఇక తెల్లారినట్టే," అని గొణుగుతూ బస్సు డ్రైవరు లేచాడు.

కంటి ఆసుపత్రికి డాక్టరమ్మ ఇంకా రానేలేదు. షుగరు ఉంది, కళ్లు చూపించుకోమని భార్య పెట్టే పోరు పడలేక వచ్చాడే గానీ, అతని మనసంతా డిపోలోనే ఉంది.

"వెళ్లిపోతున్నావా నాయనా?" పక్క కుర్చీలోంచి నల్లకళ్లద్దాల పెద్దాయన అడిగాడు. అక్కడ అలాంటి కళ్లద్దాలు మామూలే.

"సాయంత్రం డ్యూటీ బాబాయ్. కంట్లో చుక్కలు వేస్తే గంటల తరబడి మసకేనట. మధ్యాహ్నం వేయించుకుంటే బస్సెలా తీయను?"

"మరి కళ్లు?"

"నా కళ్లకేం? వీధి చివర బోర్డు కూడా చదివేస్తాను!"

"నేనూ అలాగే అనేవాణ్ణి." పెద్దాయన జేబులోంచి చీటీ తీసి అందించాడు. "ఇది మొదటి నంబరు. సాయంత్రానికి మసక విడిపోతుంది. నీది నాకివ్వు."

"మీకు ఆలస్యమైపోదూ?"

"నాకేం తొందర? ముందు కూర్చో."

వదిలేలా లేడు. పనీపాటా లేని మనిషి, ఊళ్లోవాళ్ల కళ్లన్నీ ఈయనకే కావాలి అనుకుంటూ డ్రైవరు చీటీ మార్చుకున్నాడు. థ్యాంక్స్ అయినా చెప్పలేదు.

డాక్టరమ్మ అతని కళ్లలోకి చాలాసేపు చూసింది.

"కంటి వెనక పొరలో కొత్తగా సన్నటి రక్తనాళాలు మొలిచాయి. అవి చిట్లితే చూపు ఉన్నట్టుండి పోవచ్చు. ఇవాళే లేజర్ మొదలుపెడదాం."

"నాకన్నీ కనిపిస్తున్నాయి కదమ్మా!"

"కనిపిస్తున్నప్పుడే రావాలి. పూర్తిగా పోయాక వస్తే మేం చేసేదేమీ ఉండదు."

ఆ సాయంత్రం డ్యూటీ పోయింది. చూపు మాత్రం నిలిచింది.

కొన్నాళ్లకు, డాక్టరమ్మ సరేనన్నాక, మళ్లీ స్టీరింగు పట్టుకున్నాడు. మలుపులో ఎదురొచ్చిన సైకిలు, దాని మీద తండ్రి నడుం పట్టుకుని నవ్వుతున్న పాప, అన్నీ స్పష్టంగా కనిపించాయి. పెద్దాయన గుర్తొచ్చాడు. ఎంత మంచి మనిషిని ఎంత మాట అనుకున్నాను!

తర్వాతి పరీక్షకు వెళ్లగానే ఆయన కోసం వెతికాడు.

"ఆవేళ నాకు మొదటి నంబరిచ్చిన బాబాయి ఇవాళ రాలేదా సిస్టర్?"

"పోయిన వారమే కన్నుమూశారండీ."

"అయ్యో! ఆయన నంబరు నేను తీసుకున్నాను. నా వల్ల ఆయన వైద్యం ఆలస్యం కాలేదు కదా?"

నర్సు కళ్లు తుడుచుకుంది.

"ఆయనకింక వైద్యం ఎక్కడిదండీ? షుగరుతో రెండు కళ్లూ ఎప్పుడో పోయాయి, మధ్యలో లేచి వెళ్లిపోయేవాళ్లకు ఇవ్వడానికే రోజూ అందరికంటే ముందొచ్చి ఆ నంబరు తీసుకునేవారు."