జావా కొండ మీద తీసిన ఆఖరి ఫొటో

“ఈ ఫొటోలన్నీ ఆయన తీసినవేనా అన్నా?” అని అడిగింది మహబూబ్ బీ.

“అవును చెల్లెమ్మా,” అన్నాడు శేషాద్రి.

నిప్పులు కక్కే కొండల దగ్గరికి పోయి, ఫొటోలు తీసి పరిశోధించే శాస్త్రవేత్తలు శేషాద్రి, మహబూబ్ బీ భర్త ఇమాం వలి. మూడు నెలల కిందట జావాలో కొండ పేలినప్పుడు ఇమాం వలి దిగి రాలేదు. అతని కెమెరా మాత్రం దొరికింది. ఫొటోలు మద్రాసులో కడిగించి, శేషాద్రి కర్నూలుకు తెచ్చాడు.

ఆఖరి ఫొటోలో నిప్పు లేదు. వాలు మీద ఒక మనిషి కిందికి పరుగెత్తుతున్నాడు.

“ఇదెవరు?”

“నేనే.”

“ఆయన్ను పిలిచినావా?”

“అందరికీ పిలిచినాననే చెప్పినా. పిలవలేదు చెల్లెమ్మా. పానం మీద తీపితో వెనక్కి కూడా చూడలేదు. అది అందరికీ తెలియాలనే ఆయన ఈ ఫొటో తీసినట్టుండాడు.”

మహబూబ్ బీ ఫొటోను చాలాసేపు చూసింది.

“కాదన్నా. అంత నిప్పును వదిలి నీ పక్కకు తిరిగినాడంటే, నువ్వు దిగుతాండావో లేదో చూసినాడు.”

శేషాద్రి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు.

“ఆయన్ను చూసేదానికే ఎవరూ లేకపోయిరి,” అంది ఆమె.