వాసన లేని సీసా

కళ్ళకు తువ్వాలు బిగించుకుని కొండబాబు మూడో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“తొందరగా చెప్పండి. పొయ్యి మీద పప్పు మాడిపోతోంది,” అంది భార్య శిరీష.

పీల్చాడు. పుక్కిలించి అరటి పాదులో ఊశాడు.

“జామ వాసన... కాదు, నిమ్మ.”

“రెండూ కాదండీ. ఇది మీ ట్రబులయ్యానో.”

“ట్రెబ్బియానో!” విసుక్కుంటూ తువ్వాలు లాగేశాడు.

దుబాయ్ హోటల్లో గ్లాసులు కడిగే పని తప్పి, వైన్ వడ్డించే పని దొరకాలంటే పరీక్ష గట్టెక్కాలి. సీసా చూడకుండా అది ఏ ద్రాక్షతో చేసిన వైనో చెప్పాలి. అందుకే నాలుగు సీసాలు వెంట తెచ్చుకున్నాడు. మూడింటిని వాసనే పట్టిస్తుంది. ట్రెబ్బియానోకి మాత్రం చెప్పుకోదగ్గ వాసనా లేదు, రుచీ లేదు. ఏమీ లేదంటే నమ్మబుద్ధి కాక, లేనివన్నీ ఊహించుకుంటాడు. కిందటిసారి అక్కడే తప్పాడు. ఈసారీ తప్పితే మరో అవకాశం ఇవ్వరు.

తండ్రి సంవత్సరీకానికని సొంతూరు ముక్తేశ్వరం వచ్చాడు. అలాంటి ఇంట్లో ఈ సీసాలేమిటని తల్లి నూకాలమ్మ అడిగితే తలెత్తలేకపోయాడు.

“మందమ్మా,” అన్నాడు.

ఆవిడ మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ లేచి వెళ్ళిపోయింది.

కొండబాబుకు అన్నం సయించడం లేదు. నిద్రలోనూ ద్రాక్షల పేర్లే. వసారాలో అటూ ఇటూ తిరిగేవాడు. మళ్ళీ తువ్వాలు కట్టుకునేవాడు.

సెలవు సగం అయ్యేసరికి తడబాటు తగ్గింది.

“ఇందులో ఏమీ లేదు. ఏమీ లేకపోవడమే దీని గుర్తు. ట్రెబ్బియానో!”

“ఆయ్! అదేనండీ!”

శిరీష గ్లాసులు ఎన్నిసార్లు మార్చి పెట్టినా ఇక తప్పలేదు. బయలుదేరే రోజైతే నాలుక మీద చుక్క పడీ పడగానే చెప్పేశాడు.

రావులపాలెంలో హైదరాబాదు బస్సు కదలబోతోంది. కొండబాబు గుండె నిబ్బరంగా ఉంది. నూకాలమ్మ చకచకా మెట్లెక్కి అతని సీటు దాకా వచ్చింది. కొడుకు తల నిమిరి, చెవిలో మెల్లగా చెప్పింది.

“మళ్ళీ వచ్చేటప్పుడు ఆ వాసన లేని మందే తేరా బాబూ, పూటకో అరగ్లాసు తాగితే మోకాళ్ళ నొప్పులు ఎగిరిపోయేయి, నువ్వు వెతుక్కుంటావని తాగినప్పుడల్లా సీసా నిండా కుండలో నీళ్ళు పోసి పెట్టేనులే.”