కదలని మబ్బు

"దిగవయ్యా. కాసేపు నేను కూర్చుంటా," అన్నాడు అధికారి.

"దిగను," అన్నాడు మేకు.

అతని అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. ఒకసారి కూర్చుంటే పీకినా రాడని హెలికాప్టర్ స్థావరంలో అందరికీ అతను మేకే. అతని ఉద్యోగం గాలిని చూడటం. కొండకు ఎదురుగా అద్దాల గది. అందులో ఒక కుర్చీ, గాలి వేగం చూపే ముల్లు, ఒక వైర్‌లెస్ సెట్టు. ఆ కుర్చీలోంచి "సరే" అన్న మాట రానిదే కింద హెలికాప్టర్ రెక్క తిరగదు.

పొద్దున శిఖరం దగ్గరి రాతి గుడిసె నుంచి కబురొచ్చింది. ఒంటరిగా కొండెక్కిన మనిషి. కాలు విరిగింది. ఆ కబురు అందుకున్నది మేకే. బ్యాటరీ అయిపోతుంది, సెట్టు కట్టేసుకుని హెలికాప్టర్ చప్పుడు వినబడ్డాకే తెరవమని చెప్పాడు. అప్పటినుంచీ "ఇప్పుడే వద్దు" అన్న ఒక్క ముక్క పట్టుకుని వేలాడుతున్నాడు.

కారణం కిటికీ నిండా కనబడుతూనే ఉంది. శిఖరం మీద మబ్బు. పళ్లెం మీద పళ్లెం బోర్లించినట్టు దొంతరగా, అంచులు చిత్రిక పట్టినట్టు నున్నగా. మిగతా ఆకాశం కడిగిన గచ్చులా ఉంది. ఊళ్లో జనం మేడలెక్కి ఫోటోలు తీసుకుంటున్నారు.

"పొద్దుట్నుంచీ అంగుళం కదల్లేదది," అన్నాడు అధికారి. "కొండెక్కి నిద్రపోతోంది."

"కదలనిది మబ్బు సార్. గాలి కాదు. గాలొచ్చి కొండకు గుద్దుకుని పైకెక్కుతుంది. ఎక్కేకొద్దీ చల్లబడుతుంది. దాన్లో తేమంతా మబ్బవుతుంది. అవతలికి దిగేటప్పుడు వేడెక్కి ఆ మబ్బే కరిగిపోతుంది. ముందు పుడుతుంటుంది, వెనక చస్తుంటుంది. వాగులో రాయి మీద నీళ్లు ఉబ్బుతాయి చూడండి. ఉబ్బు అక్కడే ఉంటుంది. నీళ్లుంటాయా?"

"నాకు పాఠం చెప్పకు. ఆ రాయి వెనకాల సుడి ఉంటుందనీ తెలుసు. అందులోంచే ఒకసారి మనిషిని దింపుకొచ్చారు మనవాళ్లు. మర్చిపోయావా?"

"లేదు. రెండోసారి వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. అదీ మర్చిపోలేదు."

తలుపు తోసుకుని పైలట్ వచ్చింది. మేకు వాళ్లన్నయ్య కూతురు. హెల్మెట్ చంకలో ఉంది, కోపం ముక్కు మీద ఉంది.

"బాబాయ్, ఇంకెంతసేపు? చీకటి పడితే పైన చలికి రాళ్లే పగుల్తాయి. మనిషెంత! కొండ పక్కనుంచి నక్కి వెళ్లొస్తా, పంపు."

"నువ్వు నక్కితే సుడి కళ్లు మూసుకుంటుందా?"

"భయపడాల్సింది నేను. నీకెందుకు?"

"నీకు లేదుగా. అందుకే నీ వంతూ నేనే పడుతున్నా. పోయి ఏదన్నా తిను."

"తినను."

"అయితే నాలాగే మాడు."

అధికారి బల్ల మీద గుద్దాడు.

"ఇప్పుడర్థమైంది. ఎవరి బిడ్డో పైన గడ్డకట్టినా ఫర్వాలేదు, మీ ఇంటి పిల్ల మాత్రం నేల మీదే ఉండాలి! సొంతవాళ్లు కొండ మీద చిక్కుకుంటే ఆ కుర్చీ దిగిపోవాలని రూలు పెట్టారు, మనసు గడ్డి తింటుందని. సొంతవాళ్లు హెలికాప్టర్లో ఉన్నా దిగాలని రాయడం మర్చిపోయారు."

"రాయించండి. సిరా ఆరేదాకా కుర్చీ నాది."

"నువ్వు దిగితే కూర్చునేది నేను. కూర్చున్న మరుక్షణం పంపిస్తా."

"దిగంది అందుకే కదా."

పైలట్ మొహం ఎర్రబడింది. "నిజమా బాబాయ్? మా నాన్న మొహం చూసి ఆపుతున్నావా? అదే అయితే రేపట్నుంచి నీ గడప తొక్కను."

"తొక్కకు. తొక్కడానికి కాళ్లు మిగిలితే చాలు నాకు."

ఆమె తలుపు విసిరి వెళ్లింది. అద్దాలు గలగలమన్నాయి.

"రేపు ఈ గదిలో నువ్వుండవు," అన్నాడు అధికారి.

"రేపు ఎవడుంటే నాకేం? ఇవాళ ఉన్నాను."

పొద్దున తెచ్చిపెట్టిన టీ మీద తొరక కట్టింది. మేకు దాన్ని ముట్టలేదు. చేతులు రెండూ కుర్చీ చేతుల మీదే ఉన్నాయి. రెప్ప వేస్తే ఓడిపోతానని కొండతో పందెం కట్టినవాడిలా మబ్బు అంచునే చూస్తున్నాడు. అధికారి తిట్టాడు. బతిమాలాడు. మళ్లీ తిట్టాడు. దున్నపోతు మీద వాన.

ఎండ వాలుతుండగా మబ్బు వెనక అంచు పీచులు లేచింది. పై పళ్లెం చెదిరింది. ముల్లు దిగడం మొదలుపెట్టింది.

"దిగుతోంది! ఇంకేంటి?" అన్నాడు అధికారి.

"ఇంకా దిగాలి."

కింద పైలట్ హెలికాప్టర్లో కూర్చుని వైర్‌లెస్‌లో అరుస్తోంది. అడుగు పళ్లెం కూడా విడిపోయి, దూది తునకలై కొండ దిగిపోయింది. ముల్లు వణికి, పడుకుంది.

"సరే," అన్నాడు మేకు. "ఎండ పడే వైపు నుంచి ఎక్కు తల్లీ."

హెలికాప్టర్ లేచింది. అధికారి మెట్ల మీంచి పరుగెత్తుకుంటూ మైదానంలోకి పోయాడు. గదిలో మేకు ఒక్కడే మిగిలాడు. టీ గ్లాసు అందుకోబోయాడు. గ్లాసు దొర్లి, టీ బల్లంతా పారింది.

తుడవబోతుంటే సెట్టు గరగరలాడి, కొండ మీంచి సన్నటి గొంతు పలికింది:

"నాన్నా, హెలికాప్టర్ చప్పుడు వినబడుతోంది... పైనున్నది నేనని తెలిసి వాళ్లు నిన్ను కుర్చీలోంచి లేపెయ్యలేదు కదా?"