ముప్పై రెండో పేజీ

“ఆ గోడకేసి అలా సూత్తన్నావేటి బాబూ?” అంది చిట్టెమ్మ, ఎర్రమట్టి అంటిన చేతులతోనే గుమ్మంలోకి వచ్చి.

కృష్ణమూర్తి ఉలిక్కిపడ్డాడు. “ఏం లేదమ్మా. పాత ఇళ్ల సర్వే. గోడలెలా ఉన్నాయో రాసుకోవాలి.”

అబద్ధం ఇంత సులువుగా వస్తుందని అతనే అనుకోలేదు. విశాఖపట్నంలో కాలేజీ లెక్చరరు. జి.మాడుగుల దాటాక జీపు దిగి, రెండు కిలోమీటర్లు కొండెక్కి ఆయాసపడుతూ వచ్చింది ఆ గోడమీద అంటించిన ఒక్క కాగితం కోసం.

మేఘబాహుడు యాభై ఏళ్ల కిందటి బొమ్మల పుస్తకాల వీరుడు. మామూలప్పుడు కుండలు చేసుకుంటాడు, ఎవరికైనా ఆపద వస్తే మబ్బుల్లోకి ఎగురుతాడు. పోనుపోను ఆ పుస్తకాల్లో అతనికి గుద్దడం తప్ప వేరే పని లేకుండా పోయింది. మొదట్లో అలా ఉండేవాడు కాదనీ, అబద్ధమాడని, జాలి తెలిసిన మనిషనీ కృష్ణమూర్తి రెండు వందల పేజీలు రాశాడు. “రుజువేదండీ?” అన్నాడు పుస్తకం వేస్తానన్న మణిదీప్. రుజువంటూ ఉంటే మొట్టమొదటి సంచికలోనే ఉండాలి. దొరికిన ఒక్క ప్రతికీ చివరి కాగితం లేదు. తన ఇంట్లోనే దొంగతనం చేసిన మనిషిని మేఘబాహుడు ఏం చేశాడో చెప్పగలిగినవాళ్లు లేరు. అది తేలితేగాని పుస్తకం వెయ్యనని మణిదీప్ తెగేసి చెప్పాడు. పదకొండేళ్ల పని అక్కడ ఆగిపోయింది.

పోయిన వారం సోని అనే విద్యార్థిని ఫోన్‌లో తన నాయనమ్మ చిట్టెమ్మ ఫొటో చూపించింది. నాయనమ్మ వెనక గోడమీద ముప్పై ఒకటో పేజీ. సోనికి కూడా చెప్పకుండా బయల్దేరాడు.

ఇప్పుడది ఎదురుగా ఉంది. దొంగ బియ్యం కుండను పైపంచె కింద దాచుకుంటున్నాడు. గుమ్మంలో మేఘబాహుడు. కింద, పేజీ చివర, బిగిసిన పిడికిలి. ముప్పై రెండో పేజీ ఆ కాగితం వెనకవైపే, గోడకు అతుక్కుని ఉంది.

“పండక్కి ఇల్లంతా అలికేను. దాని సుట్టూ ఒగ్గేసేను” అంది చిట్టెమ్మ. “సంతలో ఉప్పు పొట్లం కట్టిచ్చిన కాయితం. బాగుందని మా ఆయన గంజెట్టి అంటించేడు. ఆయన పోయి పదేల్లు.”

“చదివారా?”

“నాకు సదువేటొచ్చు బాబూ. బొమ్మలు సూత్తాను.”

అడిగితే ఇస్తుందా? మొగుడి గుర్తు, ఇవ్వదు. విలువైనదని తెలిస్తే అసలే ఇవ్వదు. ఇలా తనకు తానే సర్దిచెప్పుకున్నాడు కృష్ణమూర్తి.

“కూకో. ఊటకెల్లి నీల్లు తెత్తాను. మా ఇంటికొచ్చినోలు తినకుండా ఎల్లకూడదు” అని ఆమె బిందె పట్టుకుని వెళ్లింది.

సీసాలో నీళ్లతో రుమాలు తడిపి కాగితం మీద అదిమాడు. మెల్లగా లాగితే మట్టి పొరతో సహా ఊడి వచ్చింది. వెనకవైపంతా మట్టీ గంజీ గడ్డకట్టి ఏమీ కనబడలేదు. ఫైల్లో పెట్టేశాడు. గోడమీద తెల్లగా చదరంగా ఖాళీ మిగిలింది. పక్క మేకుకున్న చేట తీసి దానికి అడ్డంగా తగిలించాడు. ముప్పై ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్న మనిషి. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. అయినా ఫైలు మళ్లీ తెరవలేదు.

చిట్టెమ్మ బిందె దించింది. గోడకేసి చూసింది, చేటకేసి చూసింది, తర్వాత అతనికేసి చూసింది.

“ఆకలేత్తందా బాబూ?” అంది.

“లేదమ్మా. బస్సు టైమైపోతోంది.”

“కాసేపాగు. బేగి వండేత్తాను.”

సామబియ్యం పళ్లెంలో పోసుకుని, పొట్టు నోటితో ఊదుకుంటూ, రాళ్లు ఒక్కొక్కటే ఏరింది. చేట ఉండగా ఎందుకీ తంటాలో అతనికి అర్థం కాలేదు. దాని జోలికి వెళ్లనందుకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఆమె ఎదురుగా కూచుని తినే ధైర్యం లేక, ఇక ఆగలేనంటూ లేచాడు. వేడి అన్నం, రాజ్‌మా గింజల కూర అడ్డాకుల్లో పొట్లం కట్టి ఇచ్చిందామె.

“దారిలో తిను. ఏటైనా కావాలంటే అడగాల బాబూ, మొగమాటపడకూడదు.”

“ఈ కూర చాలమ్మా” అన్నాడు తలెత్తకుండా.

కొండ దిగుతూ రెండుసార్లు ఆగాడు. వెనక్కి వెళ్లి ఇచ్చేయొచ్చు. ఇవ్వాలంటే దొంగిలించానని చెప్పాలి. ఆ మాట తన నోటితో తానే ఆమె ముందు అనాలి. కాళ్లు కిందికే నడిచాయి.

బస్సులో కిటికీ పక్కన కూచున్నాడు. పొట్లం ఒళ్లో ఇంకా వెచ్చగానే ఉంది. ఫైలు తీసి, తడి రుమాలుతో కాగితం వెనక మట్టిని కొంచెం కొంచెంగా తుడిచాడు. పై బొమ్మ బయటపడింది. బిగిసిన పిడికిలి విచ్చుకుంటోంది. అంటే కొట్టలేదు. పదకొండేళ్లుగా తాను రాసింది నిజమే, ఇక పుస్తకం వచ్చేస్తుంది. సంతోషం కలగాలి. చిట్టెమ్మ పళ్లెంలో రాళ్లు ఏరుతున్న వేళ్లే కళ్లముందు మెదిలాయి. గబగబా కింది మట్టి కూడా తుడిచాడు.

చివరి బొమ్మలో మేఘబాహుడు, ఏమీ చూడనట్టే, దొంగకు దారిలోకి అన్నం మూట కట్టి ఇస్తున్నాడు.