ఎడమ రెక్క

"ఫెయిల్," అన్నాడు పెద్దాయన, పిన్‌బాల్ యంత్రం మీంచి చేతులు తీస్తూ. "ఎడమ రెక్క ఆలస్యం."

అవతల నిలబడ్డ కోడలి మొహం పాలిపోయింది. బటన్ నొక్కగానే లేచి, కిందికి జారిపోయే ఉక్కు బంతిని పైకి కొట్టే చిన్న రెక్కలు రెండుంటాయి ఆ ఆటకి. వాటిని బిగించే పని ఆమెది. ఈ వారం తయారైనవి మూడే యంత్రాలు. మూడూ ఎడమ రెక్క దగ్గరే తప్పాయి. మూడు తప్పితే మనిషిని పనిలోంచి తీసేస్తారు, అది కంపెనీ రూలు.

"మీటరు పెట్టి రెక్క వేగం చూశాను సార్. కరెక్టుగానే ఉంది," అంది. ఇంట్లో మావయ్య, ఇక్కడ సార్.

"మీటరు ఆడదమ్మా. ఆడేది మనిషి. వాడి వేలికి తెలిసిపోతుంది."

తయారైన ప్రతి యంత్రాన్నీ ఆడి చూసి పాసో ఫెయిలో తేల్చే ఉద్యోగంలో, ముప్పై ఏళ్లుగా ఆ మాటే అంటున్నాడాయన. ఆయన వేలికి దొరకని తప్పు లేదని ఫ్యాక్టరీ అంతా ఒప్పుకుంటుంది, తిట్టుకుంటూనే. ఈ కాలం యంత్రాలంటే ఆయనకి ఒళ్లుమంట. పలచటి చెక్క, అట్టముక్కలాంటి ప్లాస్టిక్, నెల తిరక్కుండానే వదులయ్యే మరలు. పైన తళుకులకి మాత్రం లోటుండదు.

కోడలు దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"మావయ్యా, మీ అబ్బాయి ఖాళీగా కూర్చుని ఏడాదయింది. పిల్లాడి మందులు నా జీతం మీదే నడుస్తున్నాయి. పాస్ చెయ్యమని అడగట్లేదు. ఇంకొక్కసారి ఆడి చూడండి."

పెద్దాయన కాదనలేదు. బంతి వదిలాడు. కుడి రెక్క టక్కున లేచింది. బంతి పైకెళ్లి, తిరిగొచ్చి, ఎడమవైపు దొర్లింది. నొక్కాడు. రెక్క లేచేసరికి బంతి కాస్తా సందులోంచి జారిపోయింది. ఈసారైనా లేస్తే బాగుండునని లోపల్లోపల మొక్కుకుంటూ మళ్లీ ఆడాడు. మళ్లీ జారిపోయింది.

చూస్తూ నిలబడ్డ మేనేజరు కల్పించుకున్నాడు. "పాస్ కొట్టెయ్యండి పెద్దాయనా. ఆడుకునేవాడికి అంత తేడా ఏం తెలుస్తుంది? పైగా మీ ఇంటి పిల్ల."

"మా ఇంటి పిల్ల కాబట్టే కొట్టను. ఇవాళ కోడలికి కొడితే, రేపు నా సంతకానికి విలువేముంటుంది?"

ఫెయిల్ కాగితం మీద సంతకం పెట్టేశాడు. తన నోట్లో తనే మట్టి కొట్టుకుంటున్నాడని ఆయనకి తెలియకపోలేదు. అయినా తప్పుని తప్పనక ఏం చేస్తాడు?

కోడలు ఏడవలేదు. స్క్రూడ్రైవర్లు బల్లమీద వరసగా పెట్టింది. ఆప్రాన్ విప్పి మడిచింది.

"మీ అబ్బాయికి మీరే చెప్పండి," అని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే మేనేజరు ఆమె చోట్లోకి కొత్త మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. కొత్తగా చేరినవాళ్లని ముందు నమూనా యంత్రం దగ్గరికి తీసుకెళ్లడం అక్కడి పద్ధతి. పెద్దాయన వయసులో ఉండగా తన చేతుల్తో బిగించిన యంత్రం అది. ఇన్నేళ్లలో ఒక్క మర వదులు కాలేదు. ఫ్యాక్టరీలో తయారయ్యే ప్రతి రెక్కా దానితో సరితూగాల్సిందే.

"బాగా చూడు. ఎడమ రెక్కంటే ఇలా లేవాలి," అని పెద్దాయన బంతి వదిలి, బటన్ నొక్కాడు.

బంతి సందులోంచి జారిపోయింది.

మళ్లీ వదిలాడు. మళ్లీ జారిపోయింది.

"ఇదీ ఆలస్యమేనా సార్?" అన్నాడు కొత్తవాడు.

పెద్దాయన మూడోసారి బంతి వదిలాడు. అది ఎడమవైపు దొర్లుతుండగా, ఎడమ చెయ్యి బటన్ మీంచి తీసేసి, కుడి చెయ్యి అటు చాచి, ఆ చేతి వేలితో నొక్కాడు.

రెక్క రెప్పపాటులో లేచింది.